వెలుగుకు యాంటెనా

జీవితమంతా రేడియోలు బాగుచేసిన ఆ మెకానిక్‌కు కూతురి ఉద్యోగం మాత్రం కొరుకుడు పడేది కాదు. ఆమె పరిశోధనశాలలో వెలుగు మీద పనిచేస్తుంది. రేడియోలు తెచ్చేవాళ్లు కరువై కొట్టు మూసేశాక, తన విద్య తనతోనే పోతుందని ఆయన లోలోపల కుమిలిపోయేవాడు.

ఒక మధ్యాహ్నం కూతురు ఆయన్ని పరిశోధనశాలకు తీసుకెళ్లింది. ఒక గాజుముక్కను పెద్ద మైక్రోస్కోపులో పెట్టి తెర చూపించింది.

"ఇవేంటమ్మా, అగ్గిపుల్లలు పేర్చినట్టున్నాయి?"

"బంగారంతో చేసిన యాంటెనాలు నాన్నా. నీ రేడియో తరంగమూ, వెలుగూ ఒకే జాతి. రెండూ విద్యుదయస్కాంత తరంగాలే. వెలుగు తరంగం మరీ పొట్టిది కాబట్టి దాన్ని పట్టే యాంటెనా కూడా కంటికి ఆననంత చిన్నది."

ఆయన తెర దగ్గరికి వంగి ఆ పుల్లల్ని ఒక్కొక్కటిగా పరిశీలించాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "అయితే రేడియో యాంటెనాలాగే దీని పొడవు కూడా తరంగం పొడవులో సగం ఉండాలా?"

"ఊహూ, బంగారంలో ఇంకా తగ్గించాలి. ఎందుకో చెబుతా, కూర్చో."

ఆయన కుర్చీ లాక్కుని కూతురి పక్కన చేరాడు. అప్పట్నుంచి ఆమె ఇంటికొచ్చి చెప్పులు విడవకముందే, "ఇవాళ ఏం తేలింది?" అని అడుగుతాడు. ఆయన భార్య విసుక్కుంటున్నా ఇద్దరూ గుమ్మంలోనే మాటల్లో పడిపోతారు.