కాటా దగ్గర కొత్త సాఫ్ట్‌వేర్

చిత్తూరు పక్కన మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో నేను కాటా గుమాస్తాని. తోతాపురి కాయల బండిని కాటా ఎక్కించి, తూకం చూసి, చీటీ రాసి లోపలికి పంపడం నా పని. చీటీల పుస్తకం ఉన్నన్నాళ్లూ డ్రైవరు దిగి బీడీ ముట్టించేలోపు అయిపోయేది.

పోయిన సీజన్‌కి పుస్తకం తీసేసి కంప్యూటర్ పెట్టారు. రైతు పేరుకి ఒక పేజీ, ఊరికి ఒకటి, బండి నంబరుకి ఇంకొకటి. తోతాపురి అని పెట్టాలంటే దేశంలో ఉన్న పండ్లన్నీ దాటుకుంటూ కిందికి పోవాలి. తప్పు పడితే మళ్లీ మొదటి నుంచి. తప్పెక్కడో చెప్పదు, ఎర్ర గీత గీసి ఊరుకుంటుంది. ఇబ్బందులన్నీ కాగితం మీద రాసి మేనేజరుకిచ్చాను. పెద్దవాళ్లు చూసే కొన్నారమ్మా అన్నాడు. చూసినవాళ్లెవరూ ఈ కుర్చీలో కూర్చోలేదు.

వారం తిరక్కుండానే బండ్ల వరస మెయిన్ రోడ్డెక్కింది. కార్వేటినగరం వైపు నుంచి ఏటా మాకే కాయ తెచ్చే పెద్దాయన ట్రాక్టరు ఒక పొద్దున వచ్చి, మర్నాడు మధ్యాహ్నానికి గానీ కాటా ఎక్కలేదు. అడుగున కాయ మెత్తబడి, ట్రాలీ సందుల్లోంచి రసం కారుతోంది. వివరాలన్నీ కొట్టాను. ఊరి దగ్గర ఎర్ర గీత. ఆయన పల్లె ఆ జాబితాలోనే లేదు.

ఆయన కిటికీ దగ్గరికొచ్చి, "నేను నీకు తెలీదా పాపా?" అన్నాడు.

"తెలుసు పెద్దాయనా. దీంట్లో మీ ఊరు లేదు."

"పాత మాదిరి చీటీ రాసీమ్మా. కాయ పోతా ఉండాది."

చేత్తో రాసిన చీటీకి లోపల సరుకు దించుకోరు. హెడ్డాఫీసుకి ఫోన్ చేస్తే, ట్రైనింగ్ ఇచ్చాం కదా, అప్పుడిచ్చిన పుస్తకం చదువుకోండి అన్నారు. చివరికి పక్క ఊరి పేరు పెట్టి చీటీ తీశాను. అప్పటికి కాయ చూసే ఆయన వచ్చి, మెత్తబడిందని బండిని వెనక్కి పంపేశాడు. పెద్దాయన కొళాయి దగ్గర మొహం కడుక్కుని ట్రాక్టరెక్కాడు. కిటికీ మూసుకుందామంటే వెనక ఇంకో బండి ఉంది.

ఈ ఏడు గేటు దగ్గర వరసే లేదు. కాయ చాలక మిషన్లు ఒక్క షిఫ్టే తిరుగుతున్నాయి. పాత రైతులకి ఫోన్లు చేసి పిలవమని మేనేజరు నాకే చెప్పాడు. ఆ కార్వేటినగరం పెద్దాయనకీ చేశాను.

"కాయ వేరే ఫ్యాక్టరీకి తోల్తా ఉండామమ్మా. ఆడ గేట్లోనే చీటీ ఇస్తారు," అన్నాడు. మళ్లీ ఆయనే, "మీ ఆడ ఆ కంప్యూటరు మార్చినారా?" అని అడిగాడు.

లేదన్నాను. ఆయన ఫోన్ పెట్టేయలేదు. నేనే పెట్టేసి, తర్వాతి రైతు నంబరు నొక్కాను.