ఒకే చాపకు ఇద్దరం

డిసెంబరు ఆఖరు వారం వచ్చిందంటే మా ఇంటికొచ్చే పేపరుకు ఏదో పూనకం వస్తుంది. ఈ ఏడాది మేటి పాటలు, మేటి ఆటగాళ్ళు, జనం మెచ్చిన వంటలు, ఈ ఏడాది మనకు నేర్పిన పాఠాలు అంటూ పేజీలకు పేజీలు నింపేస్తారు. నేను అన్నీ వదలకుండా చదువుతాను, చదివి విసుక్కుంటాను, ఎందుకంటే అందులో ఒక్క పాటా నేను విన్నది కాదు, ఒక్క వంటా నేను తిన్నది కాదు. మొన్న అలాగే విసుక్కుని పేపరు మడిచి పక్కన పడేసి, నా బతుకులో ఇలా మెచ్చినవీ నేర్చినవీ ఏరి చెప్పుకోదగ్గ ఏడాది ఏదబ్బా అని ఆలోచిస్తే, పెళ్ళయిన ఏడాది కాదు, కొడుకు పుట్టిన ఏడాదీ కాదు, ఎవరూ తలుచుకోవడానికి ఇష్టపడని ఆ రెండు వేల ఇరవయ్యే గుర్తొచ్చింది. నవ్వకండి, నిజమే చెబుతున్నాను.

అప్పుడు నేను సూరత్‌లో ఉన్నాను. మా కరీంనగర్ వైపు పల్లెల నుంచి వెళ్ళిన చాలామందిలాగే కార్ఖానాలో సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, నడిపేవాణ్ణి. బమ్రోలి అనే పేటలో మూడో అంతస్తులో మాకొక గది ఉండేది. పన్నెండు మందిమి ఉండేవాళ్ళం గానీ చాపలు పరిచే జాగా మాత్రం ఆరింటికే, ఎందుకంటే పన్నెండు గంటల షిఫ్టుల్లో ఆరుగురు పనిలో ఉంటే ఆరుగురు నిద్రలో ఉండేవాళ్ళం. ఒకే సాంచాలను పగలొకడూ రాత్రొకడూ నడిపితే ఆ ఇద్దరినీ జోడీదార్లంటారు. పనిలో జోడీ అయినవాళ్ళే మా గదిలో చాపకు కూడా జోడీ. మా జోడీదారు నాకంటే నాలుగైదేళ్ళు పెద్దవాడు, జగిత్యాల వైపు మనిషి. పదకొండేళ్ళు ఒకే చాప వాడుకున్నాం, అతనితో తీరికగా కూర్చుని నాలుగు మాటలు మాట్లాడిన రోజు లేదు.

ఉదయం ఏడింటికీ సాయంత్రం ఏడింటికీ షిఫ్టు మారేటప్పుడు సాంచాల దగ్గర రెండు నిమిషాలు ఎదురుపడేవాళ్ళం. ఆ చప్పుడులో నోటిమాట ఎవరికి వినబడుతుంది! పెదాలు కదిపీ చేతులు తిప్పీ చెప్పుకోవడమే. ఏళ్ళ తరబడి ఆ మోతలో ఉన్నవాళ్ళకు చెవులు సగం పోతాయి, అందుకే మావాళ్ళు బయట కూడా అరుచుకుంటున్నట్టే మాట్లాడతారు. అతన్ని గురించి నాకు తెలిసిందల్లా అతను వదిలివెళ్ళిన గుర్తులే. దిండుకు కొబ్బరినూనె వాసన, గూట్లో సగం కాల్చి ఆర్పిన బీడీ, మేకుకు ఆకుపచ్చ లుంగీ. సాంచాల మీద అయితే తెగిన పోగులు. పడుగులో ఒక్క పోగు తెగినా చూసుకోకపోతే గుడ్డ పొడవునా గీత పడుతుంది, ఆ గుడ్డను కార్ఖానా సేఠు మొహాన కొడతాడు. ఆ చివరి ఏడాది నా పగటి షిఫ్టులో మొదటి గంటంతా అతను చూడకుండా వదిలేసిన పోగులు ముడి వెయ్యడానికే సరిపోయేది. ఒళ్ళు వంచడానికి బద్ధకమని, రాత్రంతా బీడీలు తాగుతూ కూర్చుంటాడని నేను అనుకుని పళ్ళు నూరుకునేవాణ్ణి.

ఆ హోలీ వెళ్ళిన వారానికి నాకు ఒళ్ళు మండిపోయింది. అతన్ని అడగలేదు, తిన్నగా మాస్టరు దగ్గరికి పోయాను. మా పనిమీద అజమాయిషీ అంతా ఆయనదే. ఈ మనిషితో నా వల్ల కాదు, జోడీదారును మార్చండి అన్నాను. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, నెలాఖరుకు తీసేసి కొత్తవాణ్ణి పెడతాను, అప్పటిదాకా అతనికి చెప్పకు అన్నాడు. సరేనన్నాను. ఆ రోజు చాప మీద కాళ్ళు చాపుకుని ఎంత సుఖంగా నిద్రపోయానో ఇప్పటికీ గుర్తుంది, తలుచుకుంటే సిగ్గేస్తుంది. నెలాఖరు రానే లేదు, అంతకుముందే దేశమంతా తలుపులు మూసేశారు.

సాంచాలు ఆగిపోయాయి. పన్నెండు మందిమీ ఒకేసారి గదిలోకి వచ్చి పడ్డాం. ఆరు చాపల మీద పన్నెండు మంది పడుకోవడం ఎలాగో తెలియక, పని లేకపోయినా షిఫ్టులు మాత్రం అలాగే ఉంచుకున్నాం. ఆరుగురు రాత్రి నిద్ర, ఆరుగురు మధ్యాహ్నం నిద్ర. మిగిలినవాళ్ళు మెట్ల మీద, గోడకానుకుని, వంతులవారీగా డాబా మీద. కిటికీ ఒక్కటే, అదీ పక్క బిల్డింగు గోడకు ఆనుకుని ఉండేది. ఏప్రిల్ ఎండకు పైకప్పు కాలి గది పొయ్యిలా ఉండేది. గల్లీ చివర పోలీసులు. ఊరికి పోవడానికి రైలు లేదు, బస్సు లేదు, ఫోనులో మా ఇంటావిడ ఏడుపు ఒక్కటే ఉండేది. "నడుచుకుంట రాకు, నీ కాళ్ళు మొక్కుత, ఆడనే ఉండు," అనేది, మళ్ళీ ఆవిడే మరో గంటకు ఫోను చేసి "ఎట్లన్న జేసి రారాదు" అనేది. ఊపిరాడకపోవడమంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. ఆ రోగం నాకు రాలేదు, అయినా తెలిసింది.

ఇప్పుడు మెచ్చినవి చెబుతాను. అన్నిటికంటే నచ్చిన చోటు మెట్లలో మూడోది, అక్కడికి మాత్రమే కాస్త గాలి వచ్చేది, దానికోసం పోట్లాడుకునేవాళ్ళం. నచ్చిన వంట ఖిచిడీ. ఎవరో పుణ్యాత్ములు మధ్యాహ్నం టెంపోలో గల్లీ చివరికి తెచ్చి పంచేవాళ్ళు. మొదటి వారం ఛీ, రోగులు తినే తిండి అని ముఖం చిట్లించుకున్నాం, కారం లేదు, పులుపు లేదు. మా జోడీదారు తన ట్రంకుపెట్టె అడుగునుంచి మామిడికాయ తొక్కు డబ్బా తీసి అందరికీ వేలెడంత వేలెడంత నాకించాక ఆ ఖిచిడీ అమృతమైపోయింది. డబ్బా అయిపోయేదాకా అతను నాకే ముందు పెట్టేవాడు. "మా జోడీదారు, మావోడు," అని అందరికీ చెప్పుకునేవాడు. ఆ ముద్ద అతని వైపు చూడకుండా తినేవాణ్ణి.

రాత్రి మేం వండుకునే అన్నానికి బియ్యం ఏరే పని అతనికి పడింది. మూడు రోజులు వరసగా అందరి పళ్ళ కింద రాళ్ళు. "ఏందే అన్నా, బియ్యంల రాళ్ళు ఏరుతున్నవా, రాళ్ళల్ల బియ్యం ఏరుతున్నవా?" అని ఒకడు ఎగతాళి చేశాడు, అందరూ నవ్వారు, అతనూ నవ్వాడు. నాలుగో రోజు నేను అతని ఎదురుగా కూర్చుని చూశాను. పళ్ళెం కిటికీ వైపు తిప్పుకుని, కళ్ళతో కాక వేళ్ళతో వెతుకుతున్నాడు. పెద్దరాయి వేలికి తగిలితే తీస్తున్నాడు, బియ్యపుగింజ అంతే ఉన్న తెల్లరాయిని వదిలేస్తున్నాడు. తర్వాత మెట్లు దిగేటప్పుడు చూశాను, ప్రతి మెట్టునూ కాలితో తడిమి దిగుతున్నాడు. ఫోను ముక్కుకు ఆనించుకుని నంబరు నొక్కుతున్నాడు. బద్ధకం కాదురా వెధవా, అతనికి కళ్ళు కనబడటం లేదు అని నన్ను నేనే తిట్టుకున్నాను. రాత్రి షిఫ్టులో బల్బు వెలుగులో వెంట్రుకంత పోగు తెగితే ఆ కళ్ళకు ఎక్కడ కనబడుతుంది! కళ్ళు పోయిన మనిషికి సాంచాల మీద చోటు లేదు, అందుకే అతను ఎవరికీ చెప్పలేదు. ఇంటి దగ్గర పక్షవాతం వచ్చిన భార్య ఉందనీ, ఈ పని తప్ప మరో ఆధారం లేదనీ కూడా ఆ మెట్ల మీదే, అతను ఇంటికి ఫోనులో అరిచి మాట్లాడుతుంటే తెలిసింది.

చెప్పెయ్యాలి అనుకున్నాను. కానీ ఎలా చెప్పడం? ఇద్దరివీ సాంచాల చెవులే, గుసగుసగా చెబితే వినబడదు, గట్టిగా చెబితే మిగతా పదిమందీ వింటారు. విన్నారంటే నా పరువు సంగతి అటుంచండి, అతని కళ్ళ సంగతి కూడా బయటపడుతుంది. డాబా మీద పక్కింటివాళ్ళు, మెట్ల మీద మావాళ్ళు, గల్లీలో పోలీసులు. ఇద్దరు మనుషులు ఒంటరిగా ఒక్క మాట చెప్పుకునే జానెడు చోటు ఆ బిల్డింగులో లేదు. తప్పు చేసినవాడు ముఖం చాటేస్తాడంటారు, నాకు చాటెయ్యడానికి కూడా జాగా లేదు. కళ్ళు తెరిస్తే అతనే, మూసుకుంటే అతని దిండు.

చివరికి ఒకరోజు ఖిచిడీ లైనులో నాకు ఉపాయం తట్టింది. నేల మీద సున్నంతో గీసిన గుండ్రాల్లో దూరం దూరంగా నిలబడేవాళ్ళం. అతను నా ముందు, మా గదివాళ్ళు చాలా వెనక. అతను ఎందుకో వెనక్కి తిరిగాడు. నేను మాస్కు కిందికి లాగి, సాంచాల దగ్గర చెప్పుకున్నట్టే, పెదాలతో, చేతులతో మొత్తం చెప్పేశాను. మాస్టరుకు నీ మీద చెప్పింది నేనే, తప్పయిపోయింది, క్షమించు అని రెండు చేతులూ జోడించాను. పోలీసు లాఠీ ఊపుతూ మాస్కు పెట్టుకోమని అరిచాడు. మా జోడీదారు తల ఊపి, నవ్వి, ముందుకు తిరిగాడు. ఎంత గొప్ప మనిషి అనుకున్నాను. నా నెత్తి మీది బండ దిగిపోయింది. నాలుగు రోజులు కడుపునిండా తిన్నాను, జోకులు కూడా వేశాను.

ఐదో రోజు పొద్దున అందరం గదిలో ఉండగా అతను నా పక్కన చేరి హుషారుగా అన్నాడు. "తమ్మీ, మళ్ళ సాంచాలు సురువు కాంగనే మనిద్దరం మాస్టర్‌కు చెప్పి కిటికీ పక్క లైను తీసుకుందాం. ఆడ ఎల్గు మంచిగుంటది."

అప్పుడు అర్థమైంది నాకు. ఆరడుగుల దూరంలో నా పెదాలు అతనికి కనబడనే లేదు. ఏదో చెబుతున్నాడులే అని మర్యాదకు తల ఊపాడు, పదకొండేళ్ళుగా షిఫ్టు మారేటప్పుడు ఊపినట్టే. కళ్ళు కనబడవని తెలిసీ ఆ కళ్ళకే చెప్పాను, నాలాంటి తెలివితక్కువవాడు ఇంకొకడుంటాడా!

ఇక నా వల్ల కాలేదు. ఆ మాట గొంతులోంచి దానంతటదే వచ్చేసింది, అరిచినట్టే వచ్చింది. "అన్నా, నీకు పని లేదన్నా ఇగ. నిన్ను తీసెయ్యమని మాస్టర్‌కు చెప్పింది నేనే. నీకు కండ్లు కనబడ్తలేవని నాకు అప్పుడు తెల్వదు."

మూలనుంచి ఒకాయన, "పదకొండేండ్లు జోడీగుండి గిట్ల జేస్తవారా?" అన్నాడు. మా జోడీదారు లేచి, గోడ పట్టుకుని, మెట్ల మీదికి వెళ్ళి కూర్చున్నాడు. ఆ సాయంత్రం ఎవరో అతని చేతిలోంచి బియ్యం పళ్ళెం తీసేసుకున్నారు, జాలితోనే. తీసుకున్న చేతుల వైపు అతను చూసిన చూపు నేను మరిచిపోలేను. అతని కళ్ళ సంగతి అందరి ముందూ బయటపెట్టడం నేను చేసిన రెండో తప్పు, మొదటిదానికంటే పెద్దది.

తర్వాత తొమ్మిది రోజులు నాతో మాట్లాడలేదు. చాప నాకు వదిలేసి మెట్ల మీదే కునుకు తీశాడు. ఆ చాప మీద నేనూ పడుకోలేకపోయాను, పన్నెండు మంది ఇరుక్కున్న గదిలో ఒక చాప ఖాళీగా పడి ఉండేది. అంత ఇరుకులో మనిషి మనిషితో మాట్లాడకపోతే ఎలా ఉంటుందో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది.

మే నెలలో ప్రత్యేక రైలు వేశారు. కాగితాలు, జ్వరం చూసే పరికరాలు, ఎండలో లైన్లు, అవన్నీ మీరూ చూసే ఉంటారు. రైల్లో అతనిదీ నాదీ ఎదురెదురు సీట్లు పడ్డాయి, అతనికి కిటికీ పక్కన. నందుర్బార్ దాటింది, జల్‌గావ్ దాటింది, అతను కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉన్నాడు. మర్నాడు ఏదో స్టేషనులో రైలు మెల్లగా కదులుతుండగా, నా వైపు తిరగకుండానే, బోగీ అంతా వినబడేలా అడిగాడు. "ఏ టేషన్ అది? బోర్డు కనబడ్తలేదు నాకు. జర చదువు."

బల్లార్షా అని చదివాను. అక్కడి నుంచి ప్రతి బోర్డూ చదివి చెప్పాను, ఆగనివీ ఆగినవీ, చిన్న చిన్న హాల్టులు కూడా వదల్లేదు. సిర్పూర్ దగ్గర తెలుగు అక్షరాలు కనబడగానే అది కూడా చెప్పాను. అతను ప్రతిదానికీ ఊఁ కొట్టాడు. ఆ ఏడాది నేను విన్నవాటిలో నాకు అన్నిటికంటే నచ్చింది ఆ ఊఁ.

దీపావళి తర్వాత నేను సూరత్ తిరిగి వెళ్ళాను, అతన్ని మళ్ళీ పనిలో పెట్టుకోమని మాస్టరును బతిమాలాను, ఆయన వినలేదు. మరో రెండేళ్ళు చేసి ఊరు చేరాను. ఇప్పుడు అక్కడ కొత్త మిషన్లు వచ్చాయట, పోగు తెగితే వాటంతటవే ఆగి ఎర్రదీపం వెలుగుతుందట, జోడీదారు మీద కోపం తెచ్చుకునే పనే లేదట. మా జోడీదారు ఊళ్ళోనే శుక్లాల ఆపరేషను చేయించుకున్నాడు, చూపు వచ్చింది, మేకలు పెట్టుకుని బతుకుతున్నాడు. పోయిన ఎండాకాలం మా ఇంటికొచ్చాడు. చాయ్ తాగి, బస్సుకు టైమైందని లేచి వాకిలి దాటాక, గేటు దగ్గర నిలబడి అడిగాడు. "తమ్మీ, ఆ లాక్‌డౌన్ రాకుంటే నాకు చెప్తుంటివా నువ్వు?"

నేను అరుగు మీదే ఉండి, లేదన్నట్టు తల అడ్డంగా ఊపాను. ఈసారి అంత దూరం నుంచీ అతనికి కనబడింది. తలాడించి బస్సుకు వెళ్ళిపోయాడు.

నిజమే, చెప్పి ఉండేవాణ్ణి కాదు. అతను పెట్టె సర్దుకుని పోతుంటే పక్క గల్లీలోంచి తప్పుకుపోయి, కొత్త జోడీదారుకు పని చూపిస్తూ ఉండేవాణ్ణి. ఇప్పుడు తలుపులన్నీ తెరిచే ఉన్నాయి, ఎవరి ముఖమైనా చూడటం కష్టమైతే చెప్పులేసుకుని బయటికి పోవచ్చు, ఫోను తియ్యకుండా ఊరుకోవచ్చు. అందరూ అలాగే చేస్తున్నారు, నేనూ చేస్తున్నాను. ఆ ఏడాది నాకు పోవడానికి ఎక్కడా చోటు లేదు కాబట్టి ఒక్క నిజం చెప్పాను. మళ్ళీ అలాంటిది చెప్పాల్సి వస్తే ఈ తెరిచిన ఇంట్లో కూర్చుని చెప్తానో లేదో, నా మీద నాకే నమ్మకం లేదు.