ఎవరింటికని అడగని పూట

పిన్నిగారు పోయారన్న కబురు నాకు తెలిసేసరికే ఆవిడ ఇంటికి నా కొట్టు నుంచి కూరలు వెళ్ళిపోయాయి. నేను పంపలేదు, అమ్మాను. పంపడానికీ అమ్మడానికీ ఉన్న తేడా నాకు నేర్పింది ఆవిడే. అందుకే ఆవిడ గురించి నాలుగు ముక్కలు రాద్దామని కూర్చుంటే సిగ్గుతో చెయ్యి సాగడం లేదు.

ఆవిడ నాకు చుట్టం కాదు. తెనాలిలో నా రీచార్జి కొట్టుకి పక్కనే ఆవిడ మెస్సు ఉండేది. ఎవరి ఫోన్లో వాళ్ళే రీచార్జి చేసుకోవడం మొదలయ్యాక నా కొట్టుకి చిల్లర కోసం వచ్చేవాళ్ళు తప్ప వేరే బేరం లేదు. నేను మాత్రం పొద్దున్నే షట్టరు తీసి, అద్దాలు తుడిచి, ఫోన్ కంపెనీలని తిట్టుకుంటూ కూర్చునేవాణ్ణి. పిన్నిగారు కొన్నాళ్ళు చూశారు. ఓ రోజు వంకాయలు తరుగుతూ, తల కూడా ఎత్తకుండా అడిగారు.

"ఏంటబ్బాయ్, నీ కొట్టు చచ్చిపోయిందని నీకింకా తెలీలేదా?"

నాకు ఒళ్ళు మండింది. ఆవిడ అదేం పట్టించుకోలేదు. తన దగ్గర కూర్చుని భోంచేసేవాళ్ళు తగ్గుతున్నారనీ, కూర ఒక్కటీ కట్టిమ్మనేవాళ్ళు పెరుగుతున్నారనీ, ఈ మోకాళ్ళతో రెండూ చూసుకోలేననీ చెప్పారు. ఇంట్లో కుక్కరు పెట్టుకోవడానికి ఎవరికీ బద్ధకం లేదట, కూర దగ్గరికొచ్చేసరికే విసుగట. ఆ విసుగు చూసి కొట్టు పెట్టుకోమన్నారు. భోజనాలు తను ఉంచుకుని కూరల బేరం నాకు వదిలేశారు. నడుస్తున్న బేరంలో సగం తీసి పక్కవాడి చేతిలో పెట్టేవాళ్ళని నేను మళ్ళీ చూడలేదు. అప్పట్లో మాత్రం అది ఆవిడ మోకాళ్ళ పుణ్యమే అనుకున్నాను.

నాకూ మా ఆవిడకీ వంట దగ్గర నిలబడి నేర్పారు. కూర అయిపోయిందని చెప్పడానికి మొహమాటపడొద్దన్నారు. నిన్నటి కూర ఇవాళ్టి దాంట్లో కలిపితే మాత్రం నా కొట్టు ముందు తనే నిలబడి అందరికీ చెబుతానని బెదిరించారు. చెప్పేవారు కూడా. కార్తీకమాసంలో ఉల్లిపాయ వెయ్యని కూరలు విడిగా ఉండాలి. ముసురు పట్టిన రోజున వేపుళ్ళు తగ్గించి పప్పుచారు ఎక్కువ పెట్టాలి. ఆవిడ పుట్టిల్లు రేపల్లె దగ్గర నగరం అనే ఊరు. ఎండురొయ్యలు రేపల్లె రైల్లో రావలసిందే, ఇంకెక్కడివి తెచ్చినా వాసన చూసి వెనక్కి ఇచ్చేసేవారు. రేపల్లె నుంచి వస్తే గులకరాళ్ళు కూడా వండేస్తారని నేను ఏడిపిస్తే, నువ్వు వండితే రొయ్యలే గులకరాళ్ళవుతాయి అనేవారు.

ఓసారి బాపట్లలో కూతురింటికి వెళుతూ నన్నూ వెంటబెట్టుకెళ్ళారు. అక్కడ గదులు తీసుకుని చదువుకునే కుర్రాళ్ళు ఎలా తింటారో చూడమన్నారు. ఒక కుర్రాడు కూర కవరు విప్పి, సగం వేసుకుని, మిగతాది ముడేసి పక్కన పెట్టాడు. ఆవిడ తిన్నగా వాడి దగ్గరికే వెళ్ళి, రాత్రికి దాచుకుంటావా అని అడిగారు. వాడు నవ్వి, లేదండి, పారేస్తానండి అన్నాడు. తిరుగు రైల్లో ఆవిడ, "సగం కవరు కట్టు అబ్బాయ్. పారేసుకునేవాడు ఎన్నాళ్ళని కొంటాడు?" అన్నారు. మర్నాటి నుంచి సగం కవర్లు కట్టడం మొదలుపెట్టాను. ఇవాళ్టికీ నా కొట్టు వాటి మీదే నడుస్తోంది.

అన్నిటికన్నా ఆవిడకి ముఖ్యమైన అలవాటు ఒకటుంది. ఎవరొచ్చినా గరిట ముంచే ముందు, ఎవరింటికి, ఎంతమందికి అని అడిగేవారు. ఇంట్లో జ్వరమంటే చారులో ఇంకాస్త మిరియప్పొడి పడేది. చుట్టాలొచ్చారంటే ఇంకో గరిట పడేది. ఊళ్ళో సంగతులన్నీ మనకెందుకండీ అని నేను విసుక్కుంటే, అడిగితేనేగా రేపేం వండాలో తెలిసేది అనేవారు. ఎవరైనా చావింటికి అన్నారంటే మాత్రం ఆ బేరం అక్కడితో ఆగిపోయేది. పోయినవాళ్ళెవరో కనుక్కుని, గిన్నెలకి మూతలు పెట్టి, మనిషినిచ్చి పంపేవారు. పైసా ముట్టేవారు కాదు. "చావింటికి అమ్మకూడదబ్బాయ్, పంపాలి."

ఆవిడ పాతకాలం మనిషని ఎవరూ అనుకోవద్దు. ఫోనుతో డబ్బు కట్టే స్టిక్కరు మా వీధిలో మొదట అంటించుకుంది ఆవిడే. నన్నూ పెట్టమని పోరుపెట్టారు. "డబ్బు సంగతి ఫోను చూసుకుంటుంది. ఇక నీ నోరు ఖాళీయేగా, మాట్లాడు" అన్నారు. నేను సరిగ్గా తిరగేసి చేశాను. బల్ల మీద పెట్టిన డబ్బా ఎంత పడిందో అరిచి చెబుతుంది. నేను కవరు తోస్తాను, వాళ్ళు వెళ్ళిపోతారు. బేరం పెరిగింది, మొహాలు చూడటం మానేశాను. మెస్సు మూసేసి ఆవిడ ఇంటిపట్టున ఉండిపోయాక, రేపొస్తాను పిన్నిగారూ అని ఫోన్లో అనడమే గానీ వెళ్ళింది లేదు. ఇల్లేమైనా దూరమా అంటే రైల్వే గేటు దాటితే చాలు.

ఆ రోజు మధ్యాహ్నం కొట్టు దగ్గర బాగా రద్దీగా ఉంది. ఒక పెద్దాయన వచ్చి, "కారం తక్కువగా ఉన్నవి ఇవ్వు బాబూ, చావింటికి" అన్నాడు. పప్పు, సొరకాయ కూర, చారు కట్టాను. డబ్బా అరిచింది. ఆయన సంచి పట్టుకుని ఒక్క క్షణం నిలబడ్డాడు. నేను ఆయన భుజం మీదుగా వెనక్కి చూసి, "తర్వాతెవరండీ?" అన్నాను.

రద్దీ తగ్గాక కూరగాయల బండి అతను వచ్చాడు. పిన్నిగారు తెల్లవారుజామున పోయారటగా, మీరింకా ఇక్కడే ఉన్నారేంటి అన్నాడు. ఆ పెద్దాయన ఎవరింటికి పట్టుకెళ్ళాడో నాకప్పుడు అర్థమైంది. షట్టరు కూడా దించకుండా పరిగెత్తాను.

వెళ్ళేసరికి అంతా అయిపోయింది. శ్మశానానికి వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చి, స్నానాలు చేసి, వసారాలో విస్తళ్ళ ముందు కూర్చుని ఉన్నారు. ఆవిడ మొహం కూడా నాకు దక్కలేదు. చాప మీద నా కొట్టు పేరు అచ్చేసిన కవర్లు ఉన్నాయి. వాటిని విప్పి వడ్డిస్తున్నది ఆ పెద్దాయనే. ఎదురింట్లో ఉంటాడట.

బాపట్ల నుంచి వచ్చిన కూతురు నన్ను చూసి ఏడ్చింది. తినకుండా వెళ్ళొద్దని నన్నూ వరసలో కూర్చోబెట్టింది. తర్వాత ఆ కవర్ల వంక చూసి అంది.

"అమ్మ ఎప్పుడూ అనేది అన్నయ్యా. నేను పోయిన్రోజున మీరు పొయ్యి సంగతి చూసుకోక్కర్లేదే, అబ్బాయి పంపుతాడు అని. అన్నట్టే పంపావు."

పెద్దాయన చేతిలో చారు గిన్నె ఆగింది. కాదమ్మా, అమ్మాను అని చెప్పాలి. నోరు ఖాళీగానే ఉంది. ఆయన నా వైపు ఒకసారి చూశాడు.

"అవునమ్మా, వేళకి పంపాడు" అని, నా విస్తట్లో చారు పోసి ముందుకి వెళ్ళిపోయాడు.

నేను తలెత్తలేదు. విస్తరి పక్కన ఖాళీ కవరు ఒకటి పడి ఉంది. దాని మీద నా కొట్టు పేరు పైకే కనిపిస్తోంది. ఎడమ చేత్తో దాన్ని చాప కిందికి తోసేసి, అన్నం కలుపుకున్నాను.