ఈరన్నలను పిలిచిన హవల్దారు

ఉరుకుంద ఈరన్నస్వామి మీద ఒట్టు, ఇక్కడ రాసే ప్రతి మాటా నిజం. నా సంగతి తెలిసిన ఎమ్మిగనూరు వాళ్లు ఈ వాక్యం దగ్గరే నవ్వుతారు. నవ్వనివ్వండి. ఒట్టు మాత్రం ఒట్టే.

1954 శ్రావణ మాసంలో నన్ను ఆదోని నుంచి ఉరుకుంద తిరునాళ్లకు కలరా డ్యూటీ మీద పంపారు. అప్పుడు నేను హెల్త్ ఇన్‌స్పెక్టర్‌ని. అంటే డాక్టరుకు కింద, సూదులు వేసేవాడికి పైన, తిట్లకు సరిగ్గా మధ్యన. పని చెప్పడానికి సులువు. బస్సులు ఆగేచోట అడ్డుకర్ర కట్టాలి. స్పిరిట్ స్టవ్ మీద సూదులు మరిగించాలి. వచ్చిన ప్రతి మనిషికీ సూది వేసి గుడివైపు వదలాలి. కలరా బయటపడితే తిరునాళ్లు ఆపేయవలసిందే.

మొదటి రోజు జనం నా అడ్డుకర్రను చూసి, బస్సు దిగీ దిగగానే జొన్నచేలల్లోకి మళ్లారు. నా సూది గోనెసంచులు కుట్టే దబ్బనమంత ఉందని ఆదోనిలోనే చెప్పుకున్నారట. సాయంత్రానికి మందు సీసాలన్నీ సీళ్లతోనే ఉన్నాయి.

"హవల్దారును పట్టుకో సార్, లేకుంటే నీతో కాదు" అన్నాడు టీకొట్టతను.

హవల్దారు గోవిందప్పది ఎమ్మిగనూరు నేతగాళ్ల వీధి. బర్మా యుద్ధం చేసి, చేతి మీద మూడు పట్టీల హోదాతో తిరిగొచ్చినవాడు. ఊళ్లో మగ్గాల కొట్టం అంటుకుంటే బావి నుంచి మంట దాకా మనుషులను వరసగా నిలబెట్టి, బిందెలు చేతులు మార్పించి ఆర్పాడు. ఏటా తిరునాళ్లలో తొక్కిసలాట లేకుండా చూసేవాడు. దానికి జీతమేమీ లేదు, ఒక పాత ఖాకీ చొక్కా తప్ప. ఇక ఆయన గొంతు. ఉరుకుందలో ఆయన ఒక కేక వేస్తే, ఆదోని మిల్లు సైరను తన డ్యూటీ ఎవరో చేసేశారనుకుని ఆ పూటకు ఊరుకునేది.

అడగ్గానే ఒప్పుకున్నాడు, ఒక షరతు మీద.

"గేటు కాడ నేను నిలబడతా సార్. అయితే నా ఇష్టమొచ్చినట్ల పిలుస్తా. నువ్వు అడ్డం రాగూడదు."

మర్నాడు మొదటి బస్సు ఆగగానే ఆయన పిలిచాడు: "ఈరన్నా!"

సగం బస్సు తల తిప్పింది. మా వైపు స్వామికి మొక్కుకుని కన్న బిడ్డలందరికీ అదే పేరు. పలికినవాణ్ణి పలికినట్టే దగ్గరికి రమ్మని, ముఖంలోకి నిదానంగా చూసి, "నువ్వు గాదప్పా. సూది పక్కకు పో" అనేవాడు.

"నేను ఈరన్నే గదన్నా! మా నాయన పెట్టిన పేరు!"

"పేరు నీదేలే. మనిషివి నువ్వు గాదు. పో."

తాను ఎందుకు కాదో వాడు తేల్చుకునేలోపల మా సూదులవాడు సూది దించేసేవాడు. వాడి వెనకే పెళ్లాం, పిల్లలు, బావమరదులు వచ్చేవారు.

"ఏం హవల్దారూ, ఈరమ్మలను పిలవవా?" అని ఒకామె ఎగతాళి చేసింది.

"మీరు వాళ్ల ఎనకాల్నే వస్తారు గదమ్మా, మీకు వేరే పిలుపు యాల?"

మధ్యాహ్నానికి ఆదోనికి మందు కోసం మనిషిని పంపాను. ఇదంతా గోవిందప్ప కనిపెట్టిన తమాషా అనుకుని కడుపుబ్బ నవ్వాను కూడా. అడ్డుకర్ర పక్కన మూట ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ముసలామె మాత్రం నవ్వలేదు. ఎవరని టీకొట్టతన్ని అడిగితే చెప్పాడు.

ఆమె పేరు లక్ష్మమ్మ, గోవిందప్ప వీధే. ఆమె కొడుకు ఈరన్న గోవిందప్ప వెంట పట్టాళంలో చేరి, బర్మాలో ఒక ఏరు దాటేటప్పుడు కనబడకుండా పోయాడు. చనిపోయాడని సర్కారూ చెప్పలేదు, ఆమే అనుకోలేదు. "నేను తోలుకపోయినోన్ని, నేనే తోలుకొస్తా" అని గోవిందప్ప ఆమెకు మాటిచ్చాడు.

"మొక్కు తీర్చకుండా వాడు ఇంటికి రాడు సార్. వస్తే మొదలు ఈడికే వస్తాడు" అంది లక్ష్మమ్మ నాతో. మూటలో జొన్నరొట్టెలు, నంజుకోవడానికి చెనిక్కాయల ఊరిబిండి ఉన్నాయి.

పట్టాళంలో హాజరు పిలిచినప్పుడు "హాజిర్ సాబ్" అనాలి. మామూలు మనిషి "యాందప్పా" అంటాడు. గోవిందప్ప అన్నేసి గొంతుల మధ్య ఆ ఒక్క మాట కోసం చెవి పెట్టుకుని నిలబడ్డాడన్నమాట. నా సూదులు ఆ పిలుపు వెంట ఊరికే నడిచొచ్చాయి.

ప్రతి సాయంత్రం ఆమె అడిగేది, "పలికినాడా గోవిందూ?"

"ఇంగా బస్సులుండాయిలే అమ్మా."

కడపటి సోమవారం, ఆఖరు బస్సు. గోవిందప్ప గొంతు అప్పటికి బొంగురుపోయింది.

"ఈరన్నా!"

"హాజిర్ సాబ్!"

గోవిందప్ప మడమలు రెండూ టక్కున కలిశాయి. జనాన్ని తోసుకుంటూ ఒక కుంటి మనిషి కర్ర ఊతంతో వచ్చాడు. దేవరగట్టు వైపువాడు, ఇంకో పట్టాళంలో పనిచేసినవాడు. గోవిందప్ప చాలాసేపు చూశాడు.

"నువ్వు గాదప్పా" అన్నాడు. సూది పక్కకు పొమ్మనడం మరిచిపోయాడు.

లక్ష్మమ్మ మూట విప్పింది. "ఎవురైతే యాంలే, పలికినాడు గదా. కూసో నాయనా, తిను."

అతను రెండో రొట్టె అడిగి తీసుకుని, "మా అమ్మ గూడా ఇట్లే కారం ఎక్కువ ఏస్తాండె" అన్నాడు. ఆమె నవ్వడం నేను అప్పుడే చూశాను.

ఆ ఏడు తిరునాళ్లలో కలరా రాలేదు. తర్వాత నా కింద పనిచేసినవాళ్లకు నేను నేర్పింది ఇదే: గుంపుకు ఇచ్చిన హుకుం ఎవరికీ తగలదు, పేరు పెట్టి పిలిస్తే తల తిరుగుతుంది. గోవిందప్ప పోయాక గేటు దగ్గర నేనూ "ఈరన్నా" అని పిలిచాను. తిరిగారు, సూదులూ వేయించుకున్నారు. కానీ ఆ ముఖాల్లో నేను వెతకవలసింది ఎవరినో నాకు తెలియలేదు.

ఒట్టు వేశాను కనుక ఒక్కటి చెప్పాలి. "హాజిర్ సాబ్" అన్న మనిషిని నేనే పుట్టించాను. ఆఖరు బస్సు దిగిన ఈరన్నలంతా "యాందప్పా" అనే పలికారు. లక్ష్మమ్మ మూట ముడి విప్పకుండానే తిరుగు బస్సెక్కింది.

మిగతాదంతా నిజం. మిల్లు సైరను సంగతి కూడా.