ఖాళీ వాడలో డప్పు

1930ల చివర్లో, వానలు వెనకబట్టిన రోజుల్లో, నన్ను కోస్గి పక్కన ఒక ఊరికి ప్లేగు ఇన్‌స్పెక్టర్‌గా పంపారు. నిజాం సర్కారులో అది చిన్న హోదా. నా పైన తాలూకా డాక్టరు, కింద సూదులు వేసే ఒక కంపౌండరు, ఒక జవాను. జవాను అంటే సిపాయి కాదు, కచేరీ బంట్రోతు. పని మాత్రం పెద్దది. ఇళ్ళల్లో ఎలుకలు చచ్చి పడుతున్నాయని కబురు రాగానే ఊరిని ఖాళీ చేయించాలి. బయట గుడిసెలు వేయించి జనాన్ని అందులో ఉంచాలి. ఇళ్ళ కప్పులు విప్పించి లోపలికి ఎండ పడేలా చూడాలి. రోజూ సాయంత్రం రోగుల స్థితి రాసి తాలూకాకు పంపాలి.

పటేలు దండోరా వేయించగానే ఊరివాళ్ళు రెండు రోజుల్లో పొలాల్లోకి వెళ్ళిపోయారు. దక్షిణాన ఉన్న వాడ మాత్రం కదల్లేదు. ముప్పై గడపల వాడ అది. సగం మంది పోచమ్మకు మొక్కేవాళ్ళు, సగం మంది చర్చికి పోయేవాళ్ళు. అందరికీ పెద్ద మాత్రం ఒక్కడే, డప్పు ఎల్లయ్య.

"పోయినసారి గిట్లనే లేచిపోతే, వచ్చేసరికి ఊరోళ్ళు సగం ఇండ్ల జాగాలు దున్నుకున్నరు సారూ. ఈసారి సచ్చినా ఈడనే" అన్నాడాయన.

వాడ మంత్రసాని బాలమ్మ ఆయనకు ఎదురు మాట్లాడింది. అంతకు ముందురోజే చంకలో ప్లేగు గడ్డతో చనిపోయిన బాలింతకు ఆఖరి స్నానం చేయించిన మనిషి ఆమె. "జాగ రేపైనా అడుక్కుంటం పెద్దయ్యా. పోయిన పిల్లలను యాడ అడుగుతం?" అంది.

రెండు మాటల్లో వాడ ఒకటి ఎంచుకోవాలి. వాళ్ళ పద్ధతి నేను అప్పుడే చూశాను. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టారు. గడపకొకరు చేతికర్ర తెచ్చి, ఎవరి మాట వింటారో వాళ్ళ కాళ్ళ దగ్గర పెట్టి వెనక్కి పోయారు. ఎవరూ నోరు విప్పలేదు. ఎక్కువ కర్రలు బాలమ్మ వైపే పడ్డాయి. అంతా అయ్యాక ఎల్లయ్య లేచి తన కర్రను కూడా ఆమె ముందు పెట్టాడు. "నిన్నటిదాంక నా మాట మీరు విన్నరు. ఇయ్యాల్టి సంది ఈమె మాట నేను వింట" అన్నాడు.

పొద్దు వాలేలోపు వాడ మొత్తం తూర్పున రాళ్ళగుట్ట మీదికి చేరింది. ఎవరూ వెనక్కి పోవద్దని బాలమ్మ కట్టడి చేసింది.

మూడో రోజు హాజరు తీసుకుంటే ఎల్లయ్య లేడు. ఆ సాయంత్రం ఖాళీ వాడలోంచి డప్పు మూడు దెబ్బలు వినిపించాయి. నేను బాలమ్మను నిలదీశాను.

"గజ్జల్ల గడ్డ లేసింది సారూ. నాకొక్కదానికే చూపిండు. పిల్లల నడుమ ఉండ, వాడల్నే ఉంట, సెలవియ్యమన్నడు. ఇచ్చిన. దినాం పొద్దుగూకంగ మూడు దెబ్బలు కొడితే బతికున్నట్టు."

కాయిదా ప్రకారం రోగికి వేరే గుడిసె వేయించాలి, నేను వెళ్ళి చూడాలి. కానీ అదే వారం పక్క ఊళ్ళో ఎలుకలు పడటం మొదలైంది. పగలంతా అక్కడ తిరిగి సాయంత్రానికి గుట్టకు వచ్చేవాణ్ణి. మూడు దెబ్బలు వినగానే 'ఒక రోగి, సజీవుడు' అని కాగితం మీద రాసేవాణ్ణి. అలా నాలుగు సాయంత్రాలు రాశాను.

డప్పు మొదలైన అయిదో రోజు ఉదయం జవానును వెంటబెట్టుకుని వాడలోకి వెళ్ళాను. కప్పులు లేని ఇళ్ళ నిండా తెల్లటి ఎండ. ఒక్క కాకి లేదు, కుక్క లేదు. మా చెప్పుల చప్పుడు గోడలకు తగిలి, ఇంకెవరో నడుస్తున్నట్టు వెనక నుంచి వినపడుతోంది. ఎల్లయ్య తన గడప మీద పక్కకు ఒరిగి ఉన్నాడు. శవాలను చూడటం నాకు కొత్త కాదు. ఆయన పోయి మూడు రోజులు దాటిందని చూడగానే తెలిసింది. ఒళ్ళో ఉన్న డప్పు తోలు అంచు నుంచి అంచుకు చిట్లి ఉంది.

"సారూ, రాత్రి బువ్వ తినే ముందు మనం ఇన్నం గద?" అన్నాడు జవాను.

సున్నం చల్లించి, మధ్యాహ్నానికి పూడ్పించి గుట్టకు వచ్చాను. బాలమ్మకు చెబితే తల వంచుకుంది. "నాకెరికే సారూ. రెండోనాటి సంది ఆ దెబ్బ ఆయనది గాదు. చెప్తే అందరు వాడకు ఉరుకుతరని చెప్పలే."

ఆ సాయంత్రం జనమంతా వాడ వైపు తిరిగి కూర్చున్నారు. పొద్దు గుంకింది. మూడు దెబ్బలు వినిపించాయి, రోజూ లాగే, తొందర లేకుండా. ఒక ముసలమ్మ చేతిలోని చెంబు జారి పడింది. అంతకు మించి ఎవరూ కదల్లేదు.

బాలమ్మ లేచి నిలబడింది. గొంతు పెంచకుండా, ఎదురుగా ఉన్న మనిషితో అన్నట్టు, "పెద్దయ్యా, నీ పని ఒడిసింది. నేను సెలవిస్తున్న. ఇగ పో" అంది.

మరుసటి రోజు నుంచి డప్పు వినపడలేదు.

ఆ వాడలో ఇంకెవరికీ గడ్డ రాలేదు. నెలన్నర తర్వాత ఇళ్ళకు తిరిగి వస్తే ఒక్క జాగా కూడా ఎవరూ ముట్టుకోలేదు. నేను పంపిన నాలుగు కాగితాల్లో మూడు తప్పని తాలూకా డాక్టరుకు రాసుకున్నాను. తప్పు ఎలా జరిగిందో చెప్పమని ఆయన అడిగితే, రోగిని చూడకుండా రాశానని మాత్రమే చెప్పాను.

ఆ తర్వాత పాతికేళ్ళ నౌకరీలో రెండు పనులు మానలేదు. కొత్త ఊరికి పోతే, పటేలు ఎవరని కాకుండా, ఎవరు లెమ్మంటే జనం లేస్తారని ముందు అడిగేవాణ్ణి. మనిషి నాడి నా వేలి కింద కొట్టుకుంటే తప్ప 'సజీవుడు' అని రాయలేదు.