నెట్టే కొస

నిన్న క్లాసులో సార్ ఒక అయస్కాంతాన్ని చూపించి, ఒకే ధ్రువం ఉన్నది ఇప్పటిదాకా ఎవరికీ దొరకలేదన్నారు. గురుత్వాకర్షణలోనూ అలాంటిదే ఒకటి ఉండొచ్చని కొందరు కాగితం మీద లెక్కలు వేస్తున్నారట. నాకు మర్రిగూడలో మా అవ్వ నీళ్ళకుండ గుర్తొచ్చింది.

అప్పుడు నాది నాలుగో తరగతి. బోరు నీళ్ళలోని ఫ్లోరైడ్‌తో అవ్వ మెడ బిగుసుకుపోయింది. ఎవరు పిలిచినా ఒళ్ళంతా తిప్పి చూసేది. ఫిల్టర్ నీళ్ళు పిల్లలకే ఉంచి, తను బోరు నీళ్ళే తాగేది. ఇసుకలోంచి ఇనుప పొడిని లాగే నా అయస్కాంతం ఆ విషాన్నీ లాగేస్తుందని నేను నమ్మాను. కానీ ఇంకో అయస్కాంతం ముందు పెడితే ఒక కొస లాగేది, ఒక కొస నెట్టేది. నెట్టే కొస ఆ విషాన్ని అవ్వ ఎముకల్లోకే నెడితే?

ఆ కొసను విరగ్గొట్టాలని అయస్కాంతాన్ని బండ మీద పెట్టి రాయితో కొట్టాను. రెండు ముక్కలకూ మళ్ళీ నెట్టే కొసలున్నాయి. ఇంకా కొట్టాను.

“ఏం పలగ్గొడుతున్నవ్ బిడ్డా?” అంది అవ్వ.

“నీ నీళ్ళు మంచిగ చేద్దామని. నెట్టేది పోతలేదవ్వా,” అని ఏడ్చాను.

ఆమె ముక్కలన్నీ ఏరి తన బోరు నీళ్ళ కుండలో వేసింది. కాసేపాగి చెంబు ముంచి, నడుము నుంచి వెనక్కి వాలి తాగింది.

“జర తియ్యగైనయ్,” అంది.

కుండలోకి తొంగి చూశాను. ముక్కలన్నీ అడుగున ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి.

ఆ రోజు నుంచి, నేను చూస్తున్నప్పుడల్లా, అవ్వ ఒక చెంబు ఎక్కువే తాగేది.