రెండు కొసలూ కట్టిన పైపు

ఆ రోజుల్లో, అంటే చదువైపోయి కొలువు ఇంకా పక్కా కాని రోజుల్లో, నాకు ధైర్యం బాగా ఉండేది. దానికి తగిన కారణం మాత్రం ఉండేది కాదు. మరీ పాత రోజులేం కావు లెండి, అప్పటికే మా సిరిసిల్లలో చాయ్ బండి దగ్గర కూడా ఫోనుతోనే పైసలు కొడుతున్నారు. జగిత్యాలలో ఒక టిఫిన్ సెంటర్ పై అంతస్తులో రెండు గదుల ఆఫీసు పెట్టి, ఫోన్లో ఆడుకునే ఆటలు తయారుచేసేవాళ్ళు. నేను అందులో కొత్తగా చేరాను. మొదటి పని చూశాక నన్ను ఉంచాలో పంపాలో తేలుస్తామన్నారు. మా బాపు మాత్రం అంతదాకా ఆగలేదు. కొడుక్కి కొలువు వచ్చేసిందని మా వాడకట్టంతా చెప్పి వచ్చాడు. కాబట్టి ఓడిపోతే నేనొక్కణ్ణే ఓడిపోయే వీలు లేదు.

ఆ మొదటి పని ఒక పైపు. ఆటలో ఫైర్‌మన్ ఉంటాడు, ఫైరింజన్ ఉంటుంది, కాలుతున్న ఇల్లు ఉంటుంది. అవన్నీ వేరేవాళ్ళు చేసేశారు. ఇంజన్ నుంచి ఆ మనిషి చేతిదాకా వచ్చే నీళ్ళ పైపు ఒక్కటే నాది. వినడానికి చిన్న పనే. కానీ కంప్యూటరుకు పైపంటే ఏమిటో తెలియదు. చిన్న చిన్న గట్టి ముక్కలు చేసి, ముక్కకూ ముక్కకూ మధ్య కీలు పెట్టి, ఏ కీలు ఎంత వంగాలో ఎంత సాగాలో మనమే చెప్పాలి. మెత్తగా పెడితే పైపు సేమ్యాలాగా జారిపోతుంది, గట్టిగా పెడితే కర్రలాగా నిలబడుతుంది. ఆ రెండిటి మధ్య ఎక్కడో అసలు పైపు ఉంటుందని మా టీం లీడు చెప్పింది. (ఆమెను అందరం అక్కా అనేవాళ్ళం. కోపం వచ్చినకొద్దీ గొంతు తగ్గించేది. మాకు భయం కూడా అందుకే.)

నేను ఇంటినుంచే పనిచేసేవాణ్ణి. మాది సగం ఇల్లు, సగం సాంచాలు. (మరమగ్గాలను మేం అట్లాగే అంటాం.) ఆ మోతలో పెరిగినవాడికి దారం విషయంలో ఒకటే నీతి, అది వదులుగా ఉండకూడదు. వదులైతే చిక్కుపడుతుంది, చిక్కుపడితే తెగుతుంది, తెగితే సాంచా ఆగుతుంది. అందుకే నా పైపు తెరమీద కాస్త వేలాడేసరికి నాకే సిగ్గేసింది. వెనకాల నిలబడి చూస్తున్న బాపు కూడా ఊరుకోలేదు.

"ఏందిరా గట్ల ఏలాడుతున్నది? జర గుంజు."

"గుంజిన బాపు."

"ఇంకింత గుంజు. గట్ల వదులుంటె ఎవలన్న చూస్తె ఏమనుకుంటరు?"

గుంజాను. ఒక్కో ముక్కకు ఉండాల్సిన దానికంటే తక్కువ పొడవు రాసి, కీళ్ళ బిగువు పెంచాను. ఒక కొస ఇంజన్‌కు, ఇంకో కొస ఫైర్‌మన్ చేతికి కట్టి, ఫైర్‌మన్ కాళ్ళను నేలకు కట్టేశాను. సాంచా మీద నిలువుగా సాగే పడుగు దారానికి రెండు కొసలూ కట్టే ఉంటాయి మరి. పైపు చక్కగా బిగిసి నిలిచింది. అమ్మ కూడా వచ్చి చూసి మంచిగున్నది అంది. ఆ మనిషిని ఒకసారి నడిపించి చూద్దామని మా ఇంట్లో ఒక్కరికీ తోచలేదు.

చూపించే రోజు బాపు నాతో బయల్దేరాడు. "నీ ఆపీసు నేను ఇంకెన్నడు చూడాలె?" అన్నాడు. కొండగట్టు రాగానే బస్సులోంచే ఇద్దరం గుట్టమీది దేవుడికి దండం పెట్టుకున్నాం. ఆఫీసులో, ఆటకు పెట్టుబడి పెట్టిన కోరుట్ల సేటు అప్పటికే కూర్చుని ఉన్నాడు. ఆయనకు ఆటల గురించి ఏమీ తెలియదు, తెలుసన్నట్టు నటించడు కూడా.

"పైపు మంచిగనే ఉన్నది. మరి గా మనిషి ఇంట్లకు పోడా? నడిపియ్" అన్నాడు.

కాళ్ళ కట్టు విప్పాను. ఫైర్‌మన్ మొదట వెనక్కి పోయి ఇంజన్‌కు గుద్దుకున్నాడు. అక్కణ్ణుంచి పైకి లేచి, కాలుతున్న ఇంటిని దాటి, తెర పై అంచులోంచి బయటికి వెళ్ళిపోయాడు. పైపుతోపాటు ఇంజన్ కూడా కొంతదూరం వెంట వెళ్ళింది. కింద టిఫిన్ సెంటర్లో దోసె పోస్తున్న చప్పుడు పైదాకా వినిపిస్తోంది.

"మల్ల అస్తడా?" అని సేటు నిజంగానే అడిగాడు.

"రాడు సేటు" అన్నాను.

బాపు నా చెవి దగ్గరికి వంగాడు. "జర ఎక్కువ గుంజినమేమోరా."

అక్క గొంతు బాగా తగ్గింది. "రెండు కొసలు గంత బిగ్గ ఎందుకు కట్టినవ్ తమ్మీ?"

"కట్టకపోతె వదులైతదక్కా."

"వదులుండాలె. మనిషి తిరగాలంటె పైపు వదులుండాలె. సోమారం దాక చూస్త. గప్పటికి గూడ కాకపోతె నేనేం చెయ్యలేను."

ఇంటికొచ్చి ముక్కలకు అసలు పొడవు తిరిగిచ్చాను. కాస్త బరువు పెట్టాను. వంగిన కీలు టపీమని కాకుండా మెల్లగా వెనక్కి వచ్చేట్టు చేశాను. పైపు వంకర్లు పోతూ నేలమీద పడుకుంది. మనిషి కదిలితే వెంట బద్ధకంగా ఈడ్చుకుంటూ వచ్చింది. పని కుదిరిందని తెలుస్తూనే ఉంది, అయినా ఏదో తప్పు చేసినట్టనిపించి మనసొప్పలేదు. బాపు వచ్చి చాలాసేపు చూశాడు. ఆ వంకర సరిచేద్దామన్నట్టు వేలు తెరదాకా తెచ్చి వెనక్కి తీసుకున్నాడు.

"గిట్లనే ఉండాల్నా?"

"గిట్లనే ఉండాలె బాపు."

"అయితె గిది నాకు తెల్వని పనిరా. ఇగ నన్ను అడుగకు" అని నవ్వి, సాంచాల దగ్గరికి వెళ్ళిపోయాడు.

సోమవారం అక్క చూసి "ఉండు" అంది. అదే నా అపాయింట్‌మెంట్. అయితే ఆ వారమంతా నేను దోస్తులకు గొప్పగా చెప్పుకున్నది అక్క మాట కాదు, బాపు మాట. మా బాపుకే తెలియని పని చేస్తున్నానని. బాపు అన్నట్టే ఆ తర్వాత ఎన్నడూ నా కుర్చీ వెనకాల నిలబడలేదు. ఇప్పుడు నా తెరమీద తాళ్ళూ పైపులూ అన్నీ సరిగ్గానే వంగుతున్నాయి, వంక పెట్టేవాళ్ళు లేరు. ఆ గొప్పలు కొట్టిన కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, నవ్వు వెనకే కాస్త బెంగ కూడా. ఇది రాస్తుంటే, ఒక పైపును కావాలనే వదులుగా వదిలేసి, "బాపూ, గిది జర చూస్తవా" అని పిలవాలనిపించింది. బాపు సాంచాల దగ్గరే ఉన్నాడు, ఆ మోతలో ఇక్కణ్ణుంచి పిలిస్తే వినబడదు. లేచి వెళ్తున్నాను.